ఖాళీ వదిలిన ప్రశ్న

అఖిల్ రేకు పెట్టెను వార్డెన్ హాస్టల్ గేటు బయట, మోరీ పక్కన పెట్టించాడు. కొడుకు పడుకున్న మంచాన్ని ఒక్కసారి చూసి పోతానని దుర్గమ్మ బతిమాలింది. "కొత్త పిల్లగాడు చేరిండమ్మా, చదువుకుంటున్నడు. పరేషాన్ చెయ్యకు" అన్నాడు వార్డెన్. ఆమె పెట్టెను నెత్తిన పెట్టుకుని అశోక్‌నగర్ సందుల్లోంచి ఒంటరిగా బస్సుకు నడిచిపోవడం అఖిల్ చదివిన కోచింగ్ సెంటర్లోనే చదివే త్రివేణి కళ్లారా చూసింది. అప్పటికి త్రివేణి కళ్లలో ఇంకా కామెర్ల పచ్చదనం పోలేదు.

అది 2012 ఎండాకాలం. ఆ కోచింగ్ సెంటర్ హాస్టళ్ల సంపులోకి డ్రైనేజీ నీళ్లు చేరాయి. నల్లా తిప్పితే కంపు. పిల్లలు చెప్పారు, మళ్లీ మళ్లీ చెప్పారు. అది నీళ్లలో కలిపిన మందు వాసనని సార్లు చేతులు దులుపుకున్నారు. బ్యాంకు ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు వరసగా మంచాన పడ్డారు. పరీక్ష రోజున సగం మంది ఆస్పత్రిలో ఉన్నారు. అఖిల్ ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు.

అందరి తరఫున వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది రమాకాంత్. పరీక్షలు రాసి రాసి వయోపరిమితి అంచుకు వచ్చినవాడు. మరుసటి ఏడాది అదే రమాకాంత్ యాజమాన్యంతో రాజీకి తలూపాడు. ఆ సంగతి పిల్లలకు పేపర్లో పడిన నోటీసు చూస్తే గానీ తెలియలేదు.

వచ్చే బ్యాచ్‌లో అందరికీ చదువూ హాస్టలూ ఉచితమట. జబ్బుకు కారణం హాస్టల్ నీళ్లు కాదని, బయటి తిండేనని అందరూ ఒప్పుకోవాలట. ఒప్పుకోనివాళ్లు సోమవారంలోగా ఎవరికివారు ఫోరంలో రాసివ్వాలట.

చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో అందరూ గుమిగూడారు.

"మమ్మల్ని అడగకుండ ఎట్ల ఒప్పుకున్నవన్నా?" త్రివేణి రమాకాంత్‌ను నిలదీసింది.

"కేసు ఏండ్లకేండ్లు నడుస్తది. అప్పటికి నా ఏజ్ అయిపోతది. మీది గూడ అయితది. జర ఆలోచించున్రి."

"అఖిల్ ఏజ్ ఎప్పుడో అయిపోయిందన్నా."

రమాకాంత్ మొహం తిప్పుకున్నాడు. అనురాగ్ మధ్యలోకి వచ్చాడు. అఖిల్ పక్క మంచం అతనిదే.

"లొల్లి ఎందుకు? అవునని రాయొద్దు, కాదని రాయొద్దు. డౌట్ ఉంటే బిట్టు వదిలెయ్యాలె. తప్పు పెడితే మైనస్, వదిలేస్తే సున్నా. మనదేం పోతది?"

అందరికీ ప్రాణం లేచొచ్చింది. వాళ్లను ఏమని తిట్టాలి? తెలియనిదాన్ని వదిలెయ్ వదిలెయ్ అని ఆ సెంటరే వాళ్లకు నూరిపోసింది. త్రివేణికీ ఆ మాట తియ్యగానే ఉంది. ఆ ఉచిత సీటు లేకపోతే ఆమెకు ఈ నగరంలో నిలువ నీడ లేదు. ఊరికి పోతే ఇంట్లోవాళ్లు మళ్లీ పంపరు. నోరు మూసుకుంటే సీటు దక్కుతుంది, మచ్చా అంటదు. అలా అనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే కడుపు మండింది.

ఆమె ఫోన్ చేస్తే వచ్చిన దుర్గమ్మ అప్పటిదాకా మెట్ల మీద కూర్చుని వింటోంది. "అండ్ల ఏం రాసిన్రో జర చదువు బిడ్డా" అంది.

త్రివేణి నోటీసు చదివింది. బయటి తిండి దగ్గర దుర్గమ్మ ఆపింది.

"నేను కట్టిచ్చిన మామిడికాయ తొక్కు నెలంతా తినేటోడు. బజ్జీల బండి కాడ నిలబడితే చదువు ఆగమైతదనేటోడు. వాడు బయట తిని సచ్చిండని మీరందరు ఒప్పుకున్నరా?"

"లేదవ్వా. మేమేం రాయలే" అన్నాడు అనురాగ్.

"రాయకుంటే ఏమైతది?"

త్రివేణి చివరి వాక్యం చదవాల్సి వచ్చింది. గడువులోగా రాయనివారు ఒప్పుకున్నట్టే భావించబడును.

త్రివేణి కాగితం మడిచింది.

"ఇండ్ల వదిలేస్తే సున్నా కాదు అనురాగ్. మనం వదిలేసిన ప్రతి బిట్టుకు వాళ్లే టిక్కు పెట్టుకుంటరు. నేను కాదని రాస్తున్న. సీటు పోతే పోనీ."

"రాసి నువ్వెక్కడ ఉంటవ్?"

"తెల్వదు" అంది త్రివేణి. నిజంగానే ఆమెకు తెలియదు.

సోమవారం పొద్దున త్రివేణితో పాటు మిగతా పిల్లలూ కోచింగ్ సెంటర్ ముందే ఫుట్‌పాత్ మీద బాసింపట్లు వేసుకుని, ఒళ్లో పరీక్ష అట్టలు పెట్టుకుని, ఒప్పుకోమని రాయడం మొదలుపెట్టారు. అనురాగ్ మాత్రం ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాడు. రమాకాంత్ ఆ ఛాయలకే రాలేదు. యాజమాన్యం ఫోన్ కొట్టింది, పోలీసు వ్యాను వచ్చింది.

"పర్మిషన్ ఉన్నదా?" అన్నాడు ఎస్సై.

"రాసుకునేటందుకు గూడ పర్మిషనా సార్?" అంది త్రివేణి.

ముందు త్రివేణినే ఈడ్చారు. అట్ట విరిగింది, చెప్పు తెగింది. వ్యానులోకి తోస్తుంటే ఆమె చేతిలోని కాగితాన్ని పక్కనే నిలబడ్డ దుర్గమ్మ అందుకుంది. అందుకుని రేకు పెట్టె మూత తెరిచింది. ఊరి నుంచి అఖిల్ పెట్టెను మోసుకొచ్చిందామె. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే తమ కాగితాలు అందులో వేశారు.

దుర్గమ్మ పెట్టెను నెత్తికెత్తుకుని ఫోరం ఆఫీసుకు నారాయణగూడ దారి పట్టింది. పోలీసులకు చిక్కనివాళ్లంతా ఆమె వెనకాల నడిచారు.

వ్యాను జాలీలోంచి త్రివేణి చూస్తూనే ఉంది. టీ బండి దగ్గరి అనురాగ్ గ్లాసు కింద పెట్టేశాడు. పరుగున వెళ్లి దుర్గమ్మను ఆపి, ఆమె ముందు రోడ్డు మీదే కూలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఆగవ్వా" అన్నాడు పెన్ను తీస్తూ. "నాది గూడ ఉన్నది."