పని రానివాడు కావాలి

బడి సంచులు కుట్టే ఆ కార్ఖానాకి నడిమధ్యలో గోడ లేపారు. లేపిన రోజు ఎవరూ బాధపడలేదు సరికదా, ఓనరు అందరికీ టీలు ఇప్పించాడు, అందరూ తాగారు.

సంగతేంటంటే, సర్కారు ఒక మాట చెప్పింది. యాభైమంది లోపు పనిచేసే చోటు చిన్న కంపెనీ అట. చిన్న కంపెనీకి కరెంటు సగం రేటు, పన్ను కూడా తక్కువ. యాభై దాటిందా, అది పెద్ద కంపెనీ, దానికి ఏ సాయమూ లేదు. వీళ్లు చూస్తే డెబ్బైమంది దాకా ఉన్నారు. మిగిలినవాళ్లని ఇంటికి పంపాలా, ఏం చెయ్యాలా అని ఓనరు కిందామీదా పడ్డాడు. పడి పడి, మనుషుల్ని పంపెయ్యడం కన్నా గోడ కట్టడం నయమనుకున్నాడు. ఆ మాటకొస్తే చెడ్డవాడేం కాదు. ముందు సగానికి పాత పేరే ఉంచాడు. వెనక సగానికి భార్య పేరుమీద కొత్త బోర్డు పెట్టి, వెనక సందులోకి ఒక గుమ్మం తెరిచాడు. అంతే, ఒక్క కార్ఖానా కాస్తా రెండు చిన్న కంపెనీలైపోయింది.

ఇక మనుషుల్ని పంచాలి. ఆ పని, కుట్టేవాళ్లందరి మీదా అజమాయిషీ చేసే మేస్త్రీ నెత్తిన పడింది.

"నీకు తెలియనివాళ్లెవరున్నారు మేస్త్రీ. ఎవర్ని ఎటు వెయ్యాలో నువ్వే చూడు," అన్నాడు ఓనరు.

అందరికీ ముందు సగమే కావాలి. కిటికీలు అటే ఉన్నాయి, మంచి మిషన్లు అటే ఉన్నాయి, పేరూ అటే ఉంది. వెనకది లెక్కకోసం పెట్టిన ఉత్తుత్తి కంపెనీ, ఇవాళ కాకపోతే రేపు మూసేస్తారని అందరూ అనుకున్నారు. మేస్త్రీ కూడా అలాగే అనుకున్నాడు. ఆయన ఇంటికి జనం రావడం మొదలైంది. వచ్చి అడిగినవాళ్లని ముందు సగంలోకి వేశాడు. తమ తరఫున అడిగే దిక్కు లేనివాళ్లని వెనక్కి వేశాడు. అలా వెనక్కి పోయినవాళ్లలో జిప్పుల పిన్ని ఒకతి. సంచులకి జిప్పులు ఎక్కించీ ఎక్కించీ ఆమెకి ఆ పేరొచ్చింది. ఊరందరికోసం నోరు చేసుకునే మనిషే గానీ, తనకోసం అడగాల్సొస్తే ఆ నోరు పెగల్లేదు.

"నన్ను వెనక్కి తోశావా మేస్త్రీ?"

"వెనకైతేనేం పిన్నీ. జీతం అదే కదా."

"అదేలే నాయనా. కిటికీ ఒక్కటే తేడా. కిటికీ ఏమన్నా తింటామా."

ఇక మిగిలింది బావమరిది. మేస్త్రీకి పెళ్లయినప్పుడు పెళ్లికూతురితో పాటు ఆమె తమ్ముడు కూడా ఈ ఇంటికే వచ్చేశాడు. తల్లీ తండ్రీ లేని పిల్లాడు, అక్క కొంగు పట్టుకుని వచ్చాడు. అప్పటికి వాడి కాలికి మిషను పెడలు కూడా అందేది కాదు. మేస్త్రీ పెడలు మీద చెక్క కట్టి మరీ నేర్పాడు. ఇప్పుడు వాడికి పెళ్లాం, పిల్ల, అదే ఇంట్లో మేడమీద గది. కార్ఖానాలో వాడి సొంత పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ స్కేలు అనే పిలిచేవాళ్లు. రెక్సిన్ మీద సుద్దగీత కూడా గియ్యకుండా తిన్నగా కుట్టుకుంటూ పోతాడు. స్కేలు పెట్టి చూసినా వంక దొరకదు.

ఆ స్కేలు వచ్చి అడిగాడు.

"బావా, నన్ను వెనక్కి వెయ్యి."

"ఏరా, కిటికీ పక్కన ఎండ తగులుతోందా?"

"అది కాదు. అటు పనిచూసేవాడు ఎవరూ లేరు. పిన్నీ నేనూ కలిస్తే నడుపుకోగలం. ఓనరమ్మ కూడా రమ్మంది."

"ఓనరమ్మ రమ్మంటే సరిపోయిందా. అది ఉత్తుత్తి కంపెనీరా. రేపు మూసేస్తే మీ అక్కకి నేనేం మొహం చూపించను?"

"మూస్తే అప్పుడు చూసుకుందాం బావా."

"చూసుకోవాల్సింది నువ్వు కాదు, నేను. మాట్లాడకుండా నా పక్కన కూర్చో."

కూర్చున్నాడు. బావ మాట దాటడం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటు లేదు.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఆ తర్వాత సర్కారు ఇంకో మాట చెప్పింది. టీకొట్టులో టీవీ ముందు నిలబడి మేస్త్రీ కూడా విన్నాడు. పని దొరక్క తిరిగేవాళ్లు ఎక్కువైపోయారట. అందుకని, కొత్తగా పెట్టిన కంపెనీలు పని రానివాళ్లని తీసుకుని నేర్పిస్తే, వాళ్ల జీతంలో సగం సర్కారే ఇస్తుందట. కంపెనీ కొత్తదై ఉండాలి, మనిషీ కొత్తవాడై ఉండాలి. పని లేని పిల్లలకి పని దొరుకుతుందంటే ఎవరు కాదంటారు? మేస్త్రీ కూడా బాగుందనే తలూపి, టీ తాగేసి వచ్చాడు.

ఆ నెలనుంచే ముందు సగానికి ఆర్డర్లు తగ్గాయి. ఒక వరస మిషన్ల మీద గుడ్డ కప్పారు, ఆ తర్వాత ఇంకో వరస. గోడకి అవతలనుంచి మాత్రం కొత్త మిషన్ల చప్పుడు రోజురోజుకీ పెరుగుతోంది. ఒకరోజు ఓనరు మేస్త్రీని పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏం చెయ్యమంటావు చెప్పు. ఇటు కుట్టిస్తే సంచి సంచికీ నష్టం. అటు కుట్టిస్తే నాలుగు రాళ్లు మిగుల్తున్నాయి. ఇటుది మూసేస్తున్నా."

"ఆ గోడ కొట్టేసి అందర్నీ కలిపేస్తే, సార్?"

"కలిపితే పెద్ద కంపెనీ అయిపోతాం. ఉన్న సాయం కూడా పోతుంది."

"మరి నా మనుషులో?"

"నేర్పేవాడొకడు ఉండాలని పథకంలోనే ఉంది. నిన్ను అటు తీసుకుంటా. మిగతావాళ్లని తీసుకోవడానికి లేదు మేస్త్రీ. వాళ్లకి పని వచ్చు కదా."

మేస్త్రీ లేచి, గుడ్డ కప్పిన మిషన్ల మధ్యనుంచి బయటికి నడిచాడు.

మేస్త్రీ నేర్పేవాడిగా వెనక సగానికి మారాడు. స్కేలు పనికోసం ఆ వీధంతా తిరిగాడు. ఆ వీధి నిండా సంచుల కార్ఖానాలే. ఓనర్లందరూ ఒకరిని చూసి ఒకరు గోడలు లేపినవాళ్లే, కొత్త బోర్డులు పెట్టినవాళ్లే. ఎక్కడికెళ్లినా ఒకటే వరస.

"పని వచ్చా బాబూ?"

"వచ్చండీ. ఏ మోడలైనా కుడతా."

"అయ్యో, వచ్చా? అయితే వద్దులే."

ఇంటికొచ్చి ఇదంతా హాస్యంగా చెప్పేవాడు. ఓనరు గొంతులు కూడా పెట్టి చెప్పేవాడు. మొదట్లో వాళ్లక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత్తర్వాత నవ్వలేదు. ఆ తర్వాత వాడు చెప్పడమే మానేశాడు. సాయంత్రం రాగానే తిన్నగా మేడమీదకి ఎక్కిపోయేవాడు.

"వాడు అటే పోతానన్నాడు కదండీ. మీరే కదా ఇటు ఉంచింది," అంది ఆవిడ. ఆ మాట ఒక్కసారే అంది. మేస్త్రీ చెవిలో మాత్రం అది రోజూ జోరీగలా తిరిగింది.

ఆఖరికి సిగ్గు విడిచి ఓనరు దగ్గరికి పోయాడు. ఓనరు తలుపు దగ్గరికి వేసి, "పని రానివాడిగా వస్తానంటే రమ్మను. నేర్చుకునేవాళ్లకిచ్చే జీతమే ఇస్తా. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. దొరికిపోతే వాడొక్కడితో పోదు, నాకొచ్చే సాయమంతా ఆగిపోతుంది. పూచీ నీది," అన్నాడు.

మేస్త్రీ ఇంటికొచ్చి బావమరిదిని కూర్చోబెట్టి చెప్పాడు.

"అంటే నాకు కుట్టడం రాదని చెప్పాలా బావా?"

"చెప్తే చాలదురా. రానట్టు ఉండాలి."

"ఎన్నాళ్లు?"

"పథకం ఉన్నన్నాళ్లు. రెండేళ్లంటున్నారు."

వాళ్లక్క మధ్యలో కల్పించుకుంది. "నాటకంలో వేషం అనుకో తమ్ముడూ. పోయేదేముంది?"

"వేషమైతే ఆట అయ్యాక రంగు కడుక్కోనిస్తారక్కా," అన్నాడు వాడు. పైనుంచి కూతురు పాఠం చదువుతున్న గొంతు వినపడుతోంది. "సరే, వెళ్తాలే," అన్నాడు.

వెనక సగంలో ఇప్పుడు జిప్పుల పిన్నిదే పెత్తనం. స్కేలు గుమ్మంలో నిలబడగానే కళ్లజోడు పైకి తోసుకుంది.

"రా నాయనా, రా. సూదిలో దారం ఎక్కించడం నేర్పమంటావా?"

చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కుమన్నారు. వాడూ నవ్వాడు. పిన్ని మళ్లీ గొంతు తగ్గించి, "గుమ్మానికి దూరంగా, ఆ మూల మిషను తీసుకో. వచ్చేపోయేవాళ్ల కళ్లు పడవు," అంది.

మామూలు రోజుల్లో వాడు వాడిలాగే కుట్టేవాడు. వాడి సంచులు పిల్లల సంచుల్లో కలిపేసేవాళ్లు. నేర్చుకునేవాడి జీతానికి చెయ్యి తిరిగినవాడి పని దొరుకుతోంది, ఓనరుకింకేం కావాలి. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ఏం చెయ్యాలో బావా బావమరిదీ ముందే అనుకున్నారు. కుట్టేటప్పుడు పట్టీని కాస్త పక్కకి లాగాలి, కుట్టు దానంతటదే వంకర పోతుంది. అంతే.

ఆయన ఒక మధ్యాహ్నం వచ్చాడు. చిన్న వయసువాడు, మర్యాదస్తుడు, అందర్నీ మీరు అనే పలకరించాడు. ప్రతి మిషను దగ్గరా ఆగి, సంచి భుజంపట్టీ ఒకటి కుట్టి చూపించమన్నాడు. పిల్లలు దారాలు తెంపుకుంటూ, గుడ్డలు ముడతలు పెట్టుకుంటూ కుట్టారు. ఆయన నవ్వుతూ, ఫరవాలేదు ఫరవాలేదు అంటూ మూలదాకా వచ్చాడు.

"మీరు వీళ్లకన్నా పెద్దవారిలా ఉన్నారే. ఇంతకుముందు ఏం చేసేవారు?"

"మూటలు మోసేవాణ్ణండీ," అన్నాడు స్కేలు.

"మంచిది. కుట్టండి చూద్దాం."

స్కేలు పట్టీ పెట్టాడు. కాలు పెడలు మీద పడిందో లేదో, చేతులు వాటి దారిన అవి పోయాయి. నాలుగుపక్కలా గడి కట్టి, అడ్డంగా ఇంటూ గుర్తు వేసి, కుట్టు ఊడకుండా వెనక్కి రెండు తొక్కి, దారం తెంపేసరికి రెప్పపాటు పట్టింది. లాగాలన్న సంగతి వాడికి అప్పుడు గుర్తొచ్చింది. తను కుట్టినదాన్ని తనే తెల్లబోయి చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు పట్టీ తీసి వెలుతురుకేసి పట్టుకున్నాడు.

"ఎన్నాళ్లయింది మీరు చేరి?"

"నెలండీ."

"నెలలోనే?"

పిన్ని అందుకుంది. "ఎప్పుడో ఒకసారి అలా కుదిరిపోతుంది సార్. మళ్లీ కుట్టమనండి, వంకరటింకర పోతుంది."

"అయితే ఇంకోటి కుట్టండి," అన్నాడాయన. ఈసారి నవ్వలేదు.

మేస్త్రీ ఏం చేస్తున్నాడో తెలియకుండానే ముందుకొచ్చి బావమరిది తలమీద ఒక్కటిచ్చాడు.

"ఎన్నిసార్లు చెప్పాలిరా వెధవా, మెల్లిగా తొక్కమని. చేతికి తోచినట్టు తొక్కేయడమేనా?"

అక్క కొంగు పట్టుకుని వచ్చిన రోజునుంచీ ఆయన వాడిమీద చెయ్యి చేసుకోలేదు. స్కేలు తలెత్తి బావని చూశాడు. కోపంగా చూడలేదు. చూసి, రెండో పట్టీ పెట్టి, తొక్కాడు. గుడ్డని ముందుకు తోసినట్టే ఎడంచేతి చూపుడువేలిని సూది కిందకి తోశాడు. జారిపోలేదు, తోశాడు. పక్కనే ఉన్నాడు కాబట్టి మేస్త్రీకి స్పష్టంగా కనపడింది. సూది గోరులోంచి దిగి, లోపలే విరిగింది.

వాడు అరవలేదు. పిల్లలే కెవ్వుమన్నారు. ఇన్‌స్పెక్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అయ్యయ్యో. కొత్తవాళ్లని ఇలా వదిలేస్తారా మేస్త్రీగారూ? ముందు దారం లేకుండా తొక్కించాలి కదండీ."

"అవునండీ," అన్నాడు మేస్త్రీ.

"పాపం, బొత్తిగా కొత్త. జాగ్రత్తగా నేర్పండి." ఆ మాట అని, చేతిలో పట్టీ అక్కడే పెట్టేసి, మిగతా మిషన్ల వైపు చూడకుండానే సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

జిప్పుల కొసలు నొక్కే పట్టకారుతో పిన్ని ఆ ముక్క లాగింది. మేస్త్రీ మణికట్టు పట్టుకున్నాడు. ఒకసారికి రాలేదు. "పిచ్చి నాయనా, పిచ్చి నాయనా," అంటూనే మళ్లీ లాగింది. ముక్క బయటికొచ్చాక స్కేలు అడిగాడు.

"బావా, ఉద్యోగం ఉన్నట్టేనా?"

"ఉన్నట్టేరా."

"అయితే సరే."

ఇంటికెళ్లేసరికి వేలికి చుట్టిన గుడ్డంతా ఎర్రబడింది. వాళ్లక్క గుమ్మంలోనే ఆపింది.

"ఇదేంట్రా? ఇన్నేళ్లలో నీకెప్పుడైనా సూది గుచ్చుకుందా?"

"కొత్త కదక్కా," అన్నాడు వాడు, మెట్లెక్కుతూ.

ఆవిడ మొగుడికేసి తిరిగింది. మేస్త్రీ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఆవిడ అక్కడే నిలబడింది, ఆయన కడుక్కుంటూనే ఉన్నాడు.

వేలు మానడానికి చాలా రోజులే పట్టింది. మానింది గానీ గోరు వంకరగా వచ్చింది, కణుపు సరిగ్గా మడవటం లేదు. గుడ్డని తిన్నగా నడిపించేది ఆ వేలే. స్కేలు మొదట్లో మధ్యవేలితో నడిపించి చూశాడు. కుదరక, పిల్లల్లాగే సుద్దగీత గీసుకుని దానిమీద కుట్టేవాడు. పిన్ని అది చూసి కూడా చూడనట్టు పోయేది.

ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. ఈసారి మూలకే ముందు వచ్చి, "వేలు ఎలా ఉందండీ?" అని అడిగాడు. తర్వాత పట్టీ కుట్టమన్నాడు. స్కేలు గీత గీసుకుని, నాలిక పళ్లమధ్య నొక్కిపెట్టి, మెల్లిగా కుట్టాడు. మూలల దగ్గర కుట్టు గీత దాటింది. మేస్త్రీ గోడకి ఆనుకుని నిలబడి చూస్తున్నాడు.

"ఫరవాలేదు, నేర్చుకుంటున్నారు. ఇంకొంచెం సాధన చెయ్యాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అలాగేనండీ," అన్నాడు స్కేలు.