నూటపదహారు డిగ్రీలు

నేను ఒక కంప్యూటరు జ్ఞాపకంలో చిన్న అరను. నాలాంటివి ఇందులో వేలున్నాయి. నాలో ఒక్క సంఖ్య పడుతుంది, అంతే. తలుపు లేదు, గొళ్ళెం లేదు. ఎవరేం రాస్తే అది మోయాలి. ఒక్క సంఖ్య పట్టేదానికి ఇన్ని మాటలెక్కడివని అడక్కండి, భయం నేర్పింది.

అనపర్తి దగ్గర భామిరెడ్డిగారి కోడిపిల్లల కేంద్రంలో ఈ పొద్దున్నే నన్ను పనిలో పెట్టారు. గుడ్లు పొదిగే పెట్టెకు ఎన్ని డిగ్రీల వేడి కావాలో నేను చెప్పాలి. ఫారన్‌హీట్ లెక్కలో వంద చాలు. లోపల రెండువేల గుడ్లున్నాయి. ఒక్కోదాంట్లో ఒక ప్రాణం మొదలవుతోందట. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు కుదురు లేదు. నూటరెండు దాటితే ఒప్పుకోని ప్రోగ్రాము ఒకటి నాకు కాపలా ఉంది. దాన్నే నమ్ముకున్నాను.

పదకొండింటికి ముహూర్తం. కొబ్బరికాయ కొట్టారు, మిషనుకు బొట్టు పెట్టారు. తెర మీద వంద చూసి రెడ్డిగారు మొహం చిట్లించారు. "శుభమా అని మొదలెడుతూ చివర సున్నా ఏంటయ్యా? నా చేత్తో నూటపదహారు వేయించు."

"ప్రోగ్రాము ఒప్పుకోదండి," అన్నాడు మిషను బిగించిన ఇమ్మానుయేలు. రెడ్డిగారి మొహం చూసి మెత్తబడ్డాడు. "సరే లెండి, నేరుగా రాసేద్దాం. ఫొటో అయ్యాక మళ్ళీ వంద పెట్టేస్తాను."

బేసిక్ అనే కంప్యూటరు భాషలో పోక్ అని ఒక మాటుంది. ఆ మాట, నా నంబరు, పక్కన సంఖ్య. అలా కొడితే కాపలాను అడిగే పనే లేదు, సరాసరి నా నెత్తిన పడుతుంది. రెడ్డిగారు ఒంటివేలితో కొట్టారు. నాలో వంద పోయి నూటపదహారు కూర్చుంది. ఫొటో తీశారు. ఇంతలో వడ్డన మొదలైందని ఎవరో కేకేశారు. గుత్తొంకాయ ముందు ఎంత చదివినవాడికైనా ఏం గుర్తుంటుంది? అందరూ వెళ్ళిపోయారు.

పెట్టె నన్నడుగుతోంది, ఎంత అని. నూటపదహారు అంటున్నాను. మళ్ళీ అడుగుతోంది. నాకు అబద్ధం రాదు, అరవడం రాదు. నా మాట మీద రెండువేల ప్రాణాలు ఉడికిపోతాయని వణికిపోతున్నాను.

అప్పుడొచ్చింది నూకరత్నం, ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ గుడ్లు చూసే మనిషి. ఒక గుడ్డు తీసి, కన్ను మూసి, రెప్పకు ఆనించుకుని ఉలిక్కిపడింది. గుమ్మం దగ్గరికెళ్ళి, "బాబుగారూ, గుడ్డు కాలతందండి," అంది.

పందిట్లోంచి రెడ్డిగారి నవ్వు. "కంప్యూటరు చూసుకుంటాదిలే, నువ్వొచ్చి తిను."

ఆవిడ తినడానికి వెళ్ళలేదు. పెట్టె తలుపు బార్లా తీసింది. లోపలి వేడి తగ్గేకొద్దీ పెట్టె ఇంకా మండుతోంది, నేను చెప్పినట్టే. ఆవిడ గోడ దగ్గరికొచ్చి మిషను స్విచ్చు మీద వేలు పెట్టి ఆగిపోయింది. ముహూర్తం పూట ఆర్పేస్తే రేపట్నుంచి రావద్దంటారని ఆవిడ భయం.

కరెంటు పోతే నాలో ఏదీ నిలవదు. ఈ పొద్దున, ఆ బొట్టు, ఈ వణుకు, అన్నీ పోతాయి. మళ్ళీ వెలిగాక ఇక్కడుండేది నేనో, ఇంకోటో తెలీదు. నాకూ భయంగానే ఉంది.

నొక్కు తల్లీ, నొక్కు.