దిగనే దిగని పిల్ల

మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక అమ్మమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళో శాలువా పరుచుకుని పొదుగుతుంది. పళ్ళూడిన దువ్వెన కానీ, కుచ్చు రాలిపోయిన బ్రష్షు కానీ, ఆవిడ ఒళ్ళో ఓ పూట ఉంటే ఊడినవన్నీ మళ్ళీ మొలుస్తాయి. ఆ వేళప్పుడు ఎవరైనా తలుపు కొడితే కూతురు వచ్చి, "ష్, అమ్మ పొదుగుతోంది, తర్వాత రండి" అని పంపేస్తుంది. వాళ్ళూ సరేనని వెళ్ళిపోతారు.

ఇలా ఉండగా ఏలినవారికి ఏం బుద్ధి పుట్టిందో ఏమో, బయటి దేశాల నుంచి వచ్చే ఆట సామాన్ల మీద సుంకం పెంచారు. షటిల్ కాక్‌ల డబ్బా ధర రాత్రికి రాత్రే రెండింతలైంది. కొట్టాయన చేతులెత్తేశాడు. "నన్నని ఏం లాభం? సరుకు రేవు దాటకముందే గూబ గుయ్యిమంటోంది!" ఆట నేర్పే మాస్టారు కూడా తేల్చి చెప్పేశారు. ఎవరి కాక్‌లు వాళ్ళే తెచ్చుకోవాలి, లేనివాళ్ళు ఇంట్లో కూర్చోవాలి.

అమ్మమ్మ మనవరాలికేమో నెలాఖర్లో జట్టు ఎంపిక. ఆ పిల్లకి ఆటంటే ప్రాణం. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, కొత్త డబ్బాలు ఎక్కణ్ణించి తెస్తుంది?

"పోనీ పరుగుపందేలకి వెళ్ళవే, వాటికి డబ్బా అక్కర్లేదుగా," అంది తల్లి.

"బూట్ల మీద కూడా సుంకం వేశారమ్మా!"

"వేస్తారు, వేస్తారు. వాళ్ళ సొమ్మేం పోయింది!" అంది అమ్మమ్మ. "ఆ పాత కాక్‌లు ఇటు తే. కోడీకలా, బాతీకలా?"

"బాతువి."

"బాతు గుడ్డయితే కోడి కంటే వారం ఎక్కువ పొదగాలి. ఇవి ఉత్త ఈకలే కదా, సాయంత్రానికి అయిపోతాయిలే."

అన్నట్టే సాయంత్రానికి తెల్లటి కొత్త ఈకలొచ్చాయి. ఇంకేముంది, వీధిలో ఆడపిల్లలంతా బోసి కాక్‌లు గుప్పెళ్ళతో తెచ్చి ఆవిడ ఒళ్ళో పోశారు. కొట్టాయన డబ్బాలకి బూజు పట్టింది. కడుపుమంటతో సుంకాల ఆఫీసరుని వెంటబెట్టుకొచ్చాడు.

"మామ్మగారూ, ఈ సరుకు ఎక్కడిది?" అన్నాడు ఆఫీసరు.

"నా ఒళ్ళోది నాయనా."

"ఈకలు పైదేశపు బాతువి. దిగుమతి సుంకం కట్టాలి."

"కొన్నప్పుడే కట్టాంగా!"

"మళ్ళీ మొలిచాయిగా!"

"నీ గడ్డం రోజూ మొలవట్లేదూ? దానికెంత కడుతున్నావు?"

ఆఫీసరు మొహం కందగడ్డలా అయింది. ఉన్న కాక్‌లన్నీ గోనెసంచిలోకి ఊడ్చుకుని పోయాడు. తెల్లారితే ఎంపిక!

ఇల్లంతా వెతగ్గా మంచం కింద ఒక్కటే దొరికింది, ఒక్క ఈకా లేని ఉత్త బెండు. మనవరాలు దాన్ని అమ్మమ్మ ఒళ్ళో పెట్టి, తన తలా అక్కడే పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చి నిద్రపోయింది. అమ్మమ్మ రెంటి మీదా శాలువా కప్పింది. ఆ ఆఫీసరు మీది కోపంతో ఆవిడ ఒళ్ళు కుంపటిలా కాలిపోతోంది.

పొద్దున్నే చూస్తే బెండు బోడిగానే ఉంది.

"నా వేడంతా నువ్వే తాగేశావు కదే పిల్లా!" అంది అమ్మమ్మ. "సరే పద. బెండు బోడిదైతే నీ ఆట ఎక్కడికి పోతుంది?"

హాలు గుమ్మంలోనే మాస్టారు ఆపారు. "నీ కాక్ ఏదమ్మా?"

మనవరాలితో ఆడాల్సిన అమ్మాయి గబగబా తన డబ్బా మూత తీసింది. "నా కాక్‌తో ఆడుతుంది మాస్టారూ. ఆడకుండా గెలిచానంటే రేపు నన్నందరూ ఏడిపిస్తారు."

ఆట మొదలైంది. కాక్ ఎత్తుగా వచ్చింది. మనవరాలు ఎగిరి, నెట్ అవతలి మూలకి ఒక్కటిచ్చుకుంది. కాక్ నేలని తాకింది కానీ మనవరాలు తాకలేదు. పైనే నిలబడి, జడ వెనక్కి వేసుకుని, తర్వాతి దాని కోసం చూస్తోంది. పాయింటు మీద పాయింటు పడుతోంది.

ఆట చూడ్డానికొచ్చిన కొట్టాయన పక్కనున్న ఆఫీసరుని మోచేత్తో పొడిచాడు. ఆఫీసరు లేచి నిలబడ్డాడు. "ఆగండాగండి! ఈ పిల్లనీ ఆ ఒళ్ళోనే పొదిగారు. ఇదీ పైదేశపు సరుకు కిందే లెక్క. దిగుమతి సుంకం కట్టి తీరాలి!"

అమ్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దిగితేనే కదయ్యా దిగుమతి? అది దిగనే దిగదు. ఏం చేసుకుంటావో చేసుకో!"

హాలు గొల్లుమంది. జట్టుని ఎంపిక చేసే పెద్దమనిషి మెడ పైకెత్తుకునే మొదటి పేరు రాసుకున్నాడు.