పన్నెండడుగుల బల్ల

అల్లుడి షెడ్డులో అడుగు పెట్టిన ప్రతిసారీ పెద్ద వడ్రంగికి ఒళ్లు మండేది. నలభై ఏళ్లు ఉలీ చిత్రికా పట్టి, మూస్తే గాలి కూడా దూరనంత బిగువుగా తలుపులు చేసిన మనిషి ఆయన. అల్లుడేమో నిన్నగాక మొన్న ఒక యంత్రపు రంపం కొన్నాడు. దాంతో దుంగల్ని నిలువునా చీల్చి, ఆ పలకలకు కాళ్లు తగిలించి, ఇదంతా మోటు అందం అంటున్నాడు. మోటు వరకు నిజమే, అందం ఎక్కడుందో ఆ రంపానికే తెలియాలి. అంచుల్లో బెరడు కూడా తీయడు. ఒళ్లు కడుక్కోకుండా పెళ్లికి బయల్దేరినవాడిలా ఉంటుంది ఆ బల్ల అని పెద్దాయన కనబడ్డ వాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

ఈ మధ్య కూతురు కూడా ఆఫీసు ఉద్యోగం వదిలేసి మొగుడితో పాటు ఆ రంపపు పొట్టులో దూరింది. ఒక హోటలువాళ్లు వీళ్లను పన్నెండడుగుల భోజనాల బల్ల చేసిమ్మన్నారు. అది నచ్చితే గదులన్నిటికీ సామాను వీళ్లతోనే చేయిస్తామన్నారు. ఆ ఒక్క బల్ల నిలబడితే షెడ్డు నిలబడుతుంది, లేకపోతే మొగుడూ పెళ్లాం వీధిన పడతారు.

బల్ల పంపేముందు రోజు పెద్దాయన తగుదునమ్మా అంటూ వచ్చాడు. కూతురు పాలిష్ గుడ్డ కింద పెట్టి పక్కకు జరిగింది. ఆయన పలక మీద అరచేయి ఆనించాడు. చల్లగా తగిలింది. పలక పచ్చిది, లోపలి తడి ఇంకా ఆరలేదు. వంగి అడుగున తడిమాడు. అడ్డంగా పెట్టిన ఇనుప పట్టీలకు పలకను ఎక్కడికక్కడ స్క్రూలతో బిర్రుగా బిగించేశాడు ఆ మేధావి. చెక్క ఆరుతూ ముడుచుకుంటుంది, అది కదలడానికి స్క్రూ బెజ్జాలు కాస్త పొడవుగా తొలచాలి. ఇవి ఓనమాలు. ఇలా కట్టిపడేస్తే పలక నడిమికి పగులుతుంది.

ఒక్క మాట చెబితే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఈ రంపాల రాయుడు సరిచేసుకుంటాడు, హోటల్లో మెప్పు కొట్టేస్తాడు. పగలనీ, పనంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది అనుకున్నాడు. మంచినీళ్లు తాగి, ఇంటిదాకా హుషారుగా నడిచి వెళ్లాడు.

రెండు నెలలకు బల్ల నట్టనడుమ పగిలింది. హోటలువాళ్లు దాన్ని వెనక్కి పంపి, మిగతా పని మరొకరికి ఇచ్చేశారు. ఆ కబురు తెలియగానే పెద్దాయన ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ షెడ్డుకు బయల్దేరాడు. వేలు దూరేంత పగులు చూసి లోలోపల చంకలు గుద్దుకున్నాడు. పచ్చి చెక్క గురించీ స్క్రూల గురించీ తీరిగ్గా పాఠం చెప్పాడు.

అల్లుడు తలవంచుకుని విన్నాడు. "నాకూ అనుమానం వచ్చింది మామయ్యా. ఇంకో నాలుగు నెలలు ఆరనిద్దాం అనుకున్నాను. గడువు అడిగితే వాళ్లు ఒప్పుకున్నారు కూడా."

మరెందుకు పంపావని గద్దించాడు పెద్దాయన.

"నేనే పంపించమన్నాను నాన్నా," అంది కూతురు. "నువ్వు చెయ్యి వేసిన ఏ వస్తువునీ వంక పెట్టకుండా వదలడం నేను పుట్టాక చూడలేదు. ఆ రోజు అంతా తడిమి చూసి ఒక్క మాట కూడా అనలేదు. నాన్నకే తప్పు దొరకలేదంటే ఇంక భయం లేదనుకున్నాను. నువ్వు వెళ్లాక సంతోషంతో ఏడ్చాను."

పెద్దాయనకు ఇన్నాళ్లూ అల్లుడి మీద పెంచుకున్న ఏవగింపంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది.

"ఇదంతా నీకు అప్పుడే తెలుసా?" అని అడిగింది కూతురు.

చెక్క విషయంలో తెలియదు అనే మాట ఆయన జన్మలో అనలేదు. అల్లుడు తలెత్తి సూటిగా ఆయన కళ్లలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, రోత ఉంది. పెద్దాయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఆ రోజు చేతికి తెలియలేదు."

కూతురు నమ్మేసింది. దగ్గరికొచ్చి జాలిగా ఆయన భుజం నిమిరింది.

"పోనీలే నాన్నా, వయసు మీద పడింది కదా. ఇక నీకెందుకీ పనులు."