తొమ్మిదిన్నర ఫ్లైట్

జెద్దా నుంచి హైదరాబాదు దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు, గాల్లో ఐదు గంటల పైచిలుకు. ఇది నాకు నోటికొచ్చు. తిరుమలగిరిలో ఇరవై రెండేళ్లుగా విమానం టికెట్ల దుకాణం నడుపుతున్నాను. ఎవరడిగినా కంప్యూటర్ వంక చూడకుండానే చెప్పేస్తాను. అదో పొగరు నాకు, ఒప్పుకుంటాను.

మొన్న మే నెలలో, తెల్లవారుజామున ఫజర్ నమాజు వేళకు అమ్మ పోయింది. జెద్దాలో ఏసీలు బాగుచేసే నా తమ్ముడు హుజైఫాకు ఫోన్ చేశాను. వాడు వెక్కివెక్కి ఏడ్చి, ఒక్కటే అడిగాడు.

“అమ్మీని నేను సుత దింపాలె అన్నా. వచ్చేదాంక ఆపుండ్రి.”

మాలో ఆడమనిషిని గోరీలోకి దింపేది కొడుకులో, తోబుట్టువులో. పరాయి మగవాడు చెయ్యి వేయడు. అరగంటకు వాడే మళ్లీ చేసి, కంపెనీవాళ్లు టికెట్ ఇప్పించారనీ, తొమ్మిదిన్నరకు ఫ్లైట్ అనీ చెప్పి పెట్టేశాడు.

నేను అక్కడికక్కడే లెక్క కట్టేశాను. వెళ్లిన పదకొండేళ్లలో వాడు ఎప్పుడు ఏ వేళ చెప్పినా మన టైములోనే చెప్పాడు. అక్కడికీ ఇక్కడికీ ఉన్న రెండున్నర గంటల తేడా వాడే కలుపుకునేవాడు. ఆ లెక్కన మూడింటిలోపే శంషాబాద్‌లో దిగి, నాలుగున్నరకల్లా ఇంట్లో ఉండాలి.

అమ్మ అన్న ఫకీర్ మామ, ఈ ఎండల్లో ఆపకూడదు, మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకుపోదామన్నాడు. నేను పోట్లాడి సాయంత్రం అసర్ దాకా ఆపించాను. ఫ్లైట్ల సంగతి నాకు చెప్పొద్దని ఆ పెద్దాయన్ని కసిరాను కూడా.

ఐదైంది. హుజైఫా ఫోన్ స్విచాఫ్. ఫ్లైట్ లేటయిందనుకున్నాను. ఒక్కసారి ఆ వివరాలు తెరిచి చూస్తే తెలిసిపోయేది, చూడలేదు. అసర్ నమాజు కాగానే, ఇంకా ఆపమనే మొహం లేక, ఫోన్ ఇంట్లోనే పడేసి జనాజాకు భుజం పట్టాను.

గోరీలోకి కాళ్ల వైపు నేను దిగాను. హుజైఫా ఉండాల్సిన చోట, అసలు వంగని మోకాళ్లతో మామ దిగాడు. చెల్లెలి తల ఆయనే పట్టుకున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు.

అందరూ వెళ్లిపోయాక నేనక్కడే కూర్చున్నాను. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపిస్తుండగా హుజైఫా వచ్చాడు. తడి మట్టిని చూసి నిలబడిపోయాడు. ఫ్లైట్ ఎంత లేటయిందిరా అని అడిగాను.

“లేటేం కాలే. పది నిమిషాలు ముందే దిగింది.”

“తొమ్మిదిన్నర అన్నవు గదరా.”

“జెద్దా టైము అన్నా.”

ఎప్పుడూ మన టైమే చెప్తావు కదా అన్నాను. వాడు మట్టి పక్కన కూలబడ్డాడు.

“అమ్మీకి లెక్కేసుడు తక్లీఫ్ అయితదని గట్ల చెప్పేటోణ్ణి. ఇయ్యాల అమ్మీ లేకపాయె. ఇంకెవరికి లెక్కేసి చెప్పాలె?”

ఆ తర్వాత వాడు అమ్మ తల ఎటువైపు ఉందని అడిగాడు. చూపించాను. మూడు గుప్పిళ్ల మట్టి తీసి పైనుంచే వేశాడు.