జోనస్ రేస్‌బెక్ మూడో బిడ్డ

మా లోయలో గాలి ఎంత గట్టిగా వీస్తుందంటే, మా నాన్న ఇక్కడ మొదలుపెట్టిన ఆవలింత ఒకసారి పక్క ఊళ్ళో పూర్తయింది. నేను చెప్పేవాటిలో ఇలాంటివి కొన్ని దొర్లుతూ ఉంటాయి. హెస్టర్ రేస్‌బెక్ సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. ఎందుకంటే ఆవిడ ఇంకా బతికే ఉంది, ఆవిడ చేతిలో కర్ర కూడా ఉంది.

అప్పటికి హెస్టర్‌కి యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఇంటి చుట్టూ నాలుగు బురద పొలాలు, వెనక విన్‌రిగ్ కొండ, ఆ కొండ మీద మేసే రెండు వందల గొర్రెలు, ఇంట్లో ఎనభై నాలుగేళ్ళ మేనత్త ఎలినార్. ఆవిడ ఆస్తీ, సంసారమూ అంతే. నేను వాళ్ళ గోడలు కట్టేవాణ్ణి. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టే గోడలు. నేను కట్టిన గోడ కూలిందంటే కొండే పక్కకి జరిగిందని లెక్క.

ఆ ఏడాది ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. ఉమ్మడి కొండల మీద ఎవరి గొర్రెలు మేయవచ్చో పుస్తకంలో రాయించుకోవాలి. రాయించుకోకపోతే హక్కు పోయినట్టే. హెస్టర్ అందరికంటే ముందే వెళ్ళి దరఖాస్తు పెట్టింది. కొండ కింద భూములన్నీ ఉన్న ఎస్టేటువాళ్ళు దానికి అడ్డం తగిలారు. వాళ్ళ ఏజెంటు పెల్హామ్ దొర లండన్ వైపు దక్షిణాది నుంచి కొత్తగా వచ్చినవాడు. ఆయన బూట్లు ఎంత శుభ్రంగా ఉండేవంటే వాటిని చూసి గొర్రెలు బెదిరేవి.

పెల్హామ్ హెస్టర్ వాకిట్లో నిలబడి వినయంగానే చెప్పాడు.

"అమ్మా, ఆ హక్కు పాత దొరగారు మీరు పూర్వీకుడని చెప్పుకునే జోనస్ రేస్‌బెక్‌కి ఇచ్చింది. జోనస్‌కీ, అతని పిల్లలకీ, వాళ్ళ తరాలకీ, గొర్రెలు కాసినన్నాళ్ళు. కాగితంలో అలాగే ఉంది. మరి మీరు ఎవరి వంశం?"

"ఆయన మూడో బిడ్డ, కూతురు మార్గరెట్ వంశం. లోయలో ఏ కుక్కనడిగినా చెబుతుంది."

"కుక్కల సాక్ష్యం చెల్లదు గదండీ. పద్దెనిమిదొందల యాభై ఒకటి జనాభా లెక్కలు తిరగేశాను. జోనస్‌కి అయిదుగురు పిల్లలు. జాన్, ఆన్, థియోడోరా, మార్తా, ఫిలిప్. మార్గరెట్ అనే పిల్లే లేదు."

"చర్చి పుస్తకం చూడలేదా?"

"చూశాను. అందులో అసలు ఎవరూ లేరు."

ఎందుకుంటారు? గొర్రెపిల్లల్లో పదో వంతు చర్చికి ఇమ్మన్నందుకు జోనస్ ఫాదరీని పొట్టేళ్ళ తొట్టిలో ముంచాడు. ఆ తరవాత తన పిల్లల్లో ఒక్కరికీ అక్కడ బాప్తిజం ఇప్పించలేదు. ముంచినది నిజం. ఫాదరీ తొట్టిలోంచి ఈత కొట్టుకుంటూ వచ్చాడని మాత్రం నేనే కలిపాను.

పెల్హామ్ వెళ్ళాక హెస్టర్ గుమ్మం మీద కూలబడింది.

"కొండ పోతే నలభై గొర్రెలు కూడా మిగలవు ముసలాయనా. ఇల్లు అమ్ముకుని పట్నంలో ఎవరి మెట్లో కడుక్కోవాలి."

"మెట్లు కడిగితే నడుం విరుగుతుంది. నీ పూర్వీకుల్ని వెతుకు, కాళ్ళు మాత్రమే విరుగుతాయి" అన్నాను.

వెతికింది. ఏడాది పొడుగునా, సంత లేని బుధవారాలు చూసుకుని, బస్సెక్కి పట్నంలో పాత కాగితాలు దాచిన కచేరీకి వెళ్ళింది. బురద బూట్లతో లోపలికి రానివ్వలేదు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి మేజోళ్ళతో కూర్చుంది. తరవాతి బుధవారం నుంచి అక్కడి గుమాస్తా ఆవిడ కోసం పొయ్యి పక్కన కుర్చీ వేసి ఉంచాడు.

జనాభా లెక్కల సంగతి తేలింది మాత్రం కచేరీలో కాదు, గొర్రెల దొడ్డి దగ్గర. ఉన్ని కత్తిరింపుకి మంద దించి తెచ్చింది. నేను గోడకి పడిన కంత పూడుస్తున్నాను. గేటు సందులోంచి ఒక్కొక్క గొర్రె దూకుతుంటే ఆవిడ కర్ర ఊపుతూ లెక్క పెడుతోంది. మాకు మనుషుల అంకెలు వేరు, గొర్రెల అంకెలు వేరు, యాన్ అంటే ఒకటి.

"యాన్, ట్యాన్, టెదెరా, మెదెరా, పింప్..."

నేను ఆట పట్టిస్తూ అరిచాను, "ఆ మూడోది థియోడోరాయేనా, లేక దాని చెల్లెలా?"

హెస్టర్ కర్ర గాలిలోనే ఆగిపోయింది. ఒకటీ రెండూ కాదు, అరవై గొర్రెలు లెక్క లేకుండా దాటిపోయాయి.

"ఏమన్నావ్?"

"ఏదో సరదాకి..."

"నోరు మూసుకుని ఆ పేర్లు చెప్పు!"

నోరు మూసుకుని ఎలా చెప్పాలో తెలియక తెరిచే చెప్పాను. జాన్, ఆన్, థియోడోరా, మార్తా, ఫిలిప్. ఆవిడ ఒక్కొక్కదానికీ వేలు మడిచింది. యాన్, ట్యాన్, టెదెరా, మెదెరా, పింప్. మడిచిన పిడికిలి నా ముక్కు దగ్గరికి తెచ్చి పగలబడి నవ్వింది.

ఏం జరిగి ఉంటుందో ఇద్దరికీ కళ్ళకి కట్టింది. దక్షిణాది నుంచి వచ్చిన లెక్కల గుమాస్తా పిల్లలెంతమంది అని అడిగాడు. జోనస్ పని మధ్యలో ఉన్నాడు. కర్రతో ఒక్కొక్కరినీ చూపిస్తూ తనకి అలవాటైన లెక్క పెట్టాడు. ఆ మహానుభావుడు అవి పేర్లనుకుని రాసుకుపోయాడు!

ఆ రోజే సగం గెలిచేశామనుకున్నాను. కానీ సాయంత్రం టీ తాగేటప్పుడు హెస్టర్ మొహంలో నవ్వు లేదు. పిండి డబ్బా వెనక నుంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కచేరీలో నకలు రాసుకున్నది. అది చూడగానే ఎలినార్ అత్త కప్పు పక్కకి నెట్టేసింది.

"దాన్ని ఇంకా కాల్చలేదూ?"

"దీంట్లోనే ఉంది అత్తా, మార్గరెట్ జోనస్ కూతురని. ఎస్టేటువాళ్ళే కోర్టులో చెప్పారు."

"మిగతాది కూడా ఉంది కదే!"

మిగతాది ఇదీ. పద్దెనిమిదొందల అరవై మూడులో ఎస్టేటువాళ్ళు కొండకి అడ్డంగా గోడ కట్టారు. మార్గరెట్ ఒక్కతే ఇరవై గజాలు కూల్చేసి మందని పైకి తోలింది. పద్నాలుగు రోజులు జైలు వేశారు. పెళ్ళి కాని ఆడమనిషి, చంకలో మూడు నెలల మగబిడ్డ మాథ్యూ, తండ్రి పేరు చెప్పనంది అని కోర్టువాళ్ళు రాసుకున్నారు. ఆ మాథ్యూయే ఎలినార్ అత్తకి కన్నతండ్రి, హెస్టర్‌కి తాత.

ఇంట్లో ఇన్నాళ్ళూ చెప్పుకున్న కథ వేరు. మార్గరెట్ అదే ఇంటిపేరున్న దూరపు బంధువుని, ఓ నావికుణ్ణి, పెళ్ళాడిందనీ, అతను సముద్రంలో మునిగిపోయాడనీ. మా లోయలో అడగకూడని ప్రతి పుట్టుక వెనకా ఒక మునిగిపోయిన నావికుడుంటాడు. వాళ్ళంతా నిజంగా మునిగి ఉంటే సముద్రంలో నీళ్ళకి చోటుండేది కాదు.

"ఎనభై నాలుగేళ్ళు వచ్చాయే నాకు" అంది అత్త. "ప్రతి ఆదివారం చాపెల్లో ప్రార్థనకి ముందు వరసలో కూర్చున్నాను. మా నాన్న ఆ వరసలోనే పోయాడు, ఈ మాట ఎవరి చెవినా పడకుండా. ఇప్పుడు ఊరందరి ముందూ చదువుతావా?"

"కొండ పోతుంది అత్తా."

"పోనీ. గొర్రెల కోసం ఆయన్ని నలుగురి నోళ్ళలో పెట్టకు."

హెస్టర్ చాలాసేపు టీ కలుపుతూనే ఉంది. ఆ కప్పులో చక్కెర లేదు.

"వేరే దారి ఉంటే చదవను. లేకపోతే చదువుతాను. నీకు చెప్పకుండా చేయట్లేదు" అంది చివరికి.

విచారణ మా ఊరి బళ్ళో పెట్టారు. ఊరంతా వచ్చి ఏడేళ్ళ పిల్లలు కూర్చునే బల్లల్లో ఇరుక్కుంది. చెవిటి కసాయి హరాల్డ్‌ని బయటికి లాగడానికి తరవాత ఇద్దరు కావాల్సి వచ్చారు. విచారణాధికారి పెద్దమనిషి, బోడితల, మాట తక్కువ. ఆయన పక్కన లండన్ నుంచి వచ్చిన షార్ట్‌హ్యాండ్ అమ్మాయి. ఎలినార్ అత్త వెనక వరసలో, కిటికీ కింద, నల్ల టోపీ పెట్టుకుని, ఎటూ చూడకుండా కూర్చుంది.

పెల్హామ్ జనాభా లెక్కల కాగితం చదివాడు. హెస్టర్ లేచింది.

"అమ్మాయ్, నీదేవూరు?"

"లండన్ అండీ."

"మంచిది. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకో." ముందు బల్లలో కూర్చున్న మా అయిదుగుర్నీ వరసగా కర్రతో పొడుస్తూ, కత్తిరింపు రోజు ఎంత వేగంగా అంటుందో అంత వేగంగా అంది, "యాన్, ట్యాన్, టెదెరా, మెదెరా, పింప్! ఏదీ, చదువు."

ఆ అమ్మాయి బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఇయాన్... డయాన్... థెరిసా... మెలిసా... ఫిలిప్ అండీ."

నవ్వులకి బడి పైకప్పు లేచిపోయింది. మూడో పోటు నా డొక్కలో పడింది కనక ఇప్పటికీ పబ్బులో నన్ను థెరిసా అనే పిలుస్తారు. విచారణాధికారి కూడా చేతి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

పెల్హామ్ మాత్రం నవ్వలేదు. "ఆ గుమాస్తా తెలివితక్కువవాడని ఒప్పుకుంటానండీ. కానీ ఆ మూడో పిల్ల పేరు మార్గరెట్టేనని ఇందులో ఎక్కడుంది?"

విచారణాధికారి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అది న్యాయమైన ప్రశ్నే అమ్మా. ఇంకేదైనా ఉందా?"

హెస్టర్ వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. అత్త తల వంచుకునే ఉంది. హెస్టర్ కోటు జేబులోంచి కాగితం తీసింది.

చదివింది. గొంతు తగ్గించలేదు, మధ్యలో ఏ ముక్కా మింగలేదు. గోడ కూల్చడం, జైలు, చంకలో బిడ్డ, చెప్పని తండ్రి పేరు, "జోనస్ రేస్‌బెక్ కూతురే, చిన్నప్పటి నుంచి ఎరుగుదును" అని ఎస్టేటు కాపలావాడు చెప్పిన సాక్ష్యం, అంతా. ఎవరూ కిటికీ వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తూ అందరూ అటే చూశారు.

పెల్హామ్ గొంతు సవరించుకున్నాడు. "అంటే, మన్నించాలి, ఈ కుటుంబం పెళ్ళి లేని సంతానం నుంచి వచ్చిందన్నమాట. అలాంటప్పుడు తరాలు అనే మాటకి చట్టంలో..."

"అయ్యగారూ, మా కొండకి కంచె ఉందా?" అంది హెస్టర్.

"లేదు."

"మరి నా గొర్రెలు పక్కవాళ్ళ మేత మీదికి ఎందుకు పోవు? తల్లి పిల్లని వెంట తిప్పుకుని ఇది మన చోటు అని చూపిస్తుంది. ఆ పిల్ల పెద్దదై తన పిల్లకి చూపిస్తుంది. వందేళ్ళుగా అంతే. నీ తండ్రెవడే అని ఒక్క గొర్రెనైనా ఎవడూ ఆపి అడగలేదు. మాథ్యూకి ఆ కొండ చూపించింది వాళ్ళమ్మ. మీవాళ్ళు జైల్లో పెట్టినా బయటికొచ్చి చూపించింది. సిగ్గుపడాల్సింది ఆవిడా, చంటిబిడ్డని జైల్లో పడుకోబెట్టినవాళ్ళా?"

పెల్హామ్ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అవి సర్దే ఉన్నాయి.

విచారణాధికారి పెన్ను మూత తీశాడు. "కాగితంలో పిల్లలూ తరాలూ అని ఉంది. పెళ్ళి అనే మాట లేదు. ఆమెని జోనస్ కూతురిగా జైలుకి పంపినవాళ్ళు ఇప్పుడు కూతురు కాదనడం కుదరదు. విన్‌రిగ్ మీద రెండు వందల గొర్రెల హక్కు రాస్తున్నాను."

బల్లలు విరిగేలా చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యెత్తి అందరినీ ఆపి, హెస్టర్‌తో మెల్లగా అన్నాడు. "వంశం వివరం కూడా పుస్తకంలో ఎక్కించాలి. ఇది ఎవరైనా తీసి చూసే పుస్తకం. మీకిష్టమైతే జోనస్ వంశస్థురాలు అని రాసి ఊరుకుంటాను. మధ్యలో సంగతులు అక్కర్లేదు."

హెస్టర్ నోరు తెరిచింది. ఆ జవాబు తనది కాదు. వెనక్కి చూసింది.

కిటికీ కింద కుర్చీ కిర్రుమంది. ఎలినార్ అత్త లేచి నిలబడింది. నడుం నిటారుగా రావడానికి కొంత సమయం పట్టింది.

"అన్నీ రాయండి" అంది. "మార్గరెట్ రేస్‌బెక్, గొర్రెలు కాసింది, గోడ కూల్చింది, జైలుకెళ్ళింది. ఆవిడ కొడుకు మాథ్యూ, మా నాన్న. ఆయన తండ్రి పేరు రాసేచోట గీత గీయండి." తరవాత టోపీ సరిచేసుకుని, ఆ చివర కూర్చున్న చెవిటి హరాల్డ్‌కి కూడా వినబడేలా అంది, "లావుగా గీయండి బాబూ, కళ్ళజోడు లేనివాళ్ళకి కూడా కనబడాలి."