గోల్డ్‌స్పాట్ మొక్కు

"గిరిజా, నీకు బాగ ఇష్టమైందేంది?" అని మా అత్తమ్మ అడిగినప్పుడు నేను చింతపండులోంచి గింజలు తీస్తున్నాను.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ మాట నన్ను అడగడం అదే మొదలు. ఆయనకు పచ్చిపులుసు, అత్తమ్మకు పెసరపప్పు, పెద్దోడికి ఆలుగడ్డ, చిన్నదానికి గడ్డపెరుగు. ఎవరికేది ఇష్టమో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నాకేది ఇష్టమో మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఎందుకత్తమ్మా?"

"కొండగట్టు అంజన్నకు మొక్కిన. నెల రోజులు నీకు ఇష్టమైంది ఇడిసిపెడ్తవని."

"నేనా?"

"నువ్వు గాక ఎవలు? నీ మొగని పాణం కోసమే గద. నాకేం మిగిలింది ఇడిసేతందుకు? మీ మామ పోయిన్నాడే అన్ని పాయె. కాశీకి పోయి వంకాయ సుత ఇడిసిన."

దానికి మూడు రోజుల ముందు మా ఇంటికి ఆయన పేరు మీద చీటీ వచ్చింది. ఎర్ర సిరాతో నాలుగు వరుసలు. 'పురుషోత్తం రావు ఊళ్ళోకి వచ్చి, కాలువ అవతలి ఎనిమిదెకరాల సంగతి జనం ముందు తేల్చాలి.' అన్నలు, అంటే నక్సలైట్లు, రాసిన చీటీ అది. మా ఊరు బుగ్గారం దాటి నాలుగు మైళ్ళు. ఊళ్ళోకి దళం రావడం మొదలయ్యాక మేం గడీకి తాళం వేసి జగిత్యాలలో కిరాయి ఇంటికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. చీటీ చదివిన దగ్గర్నించి ఆయన వాకిట్లోకి కూడా రావడం మానేశారు. అత్తమ్మ రోజంతా అంజన్న పేరు తలుస్తూ కూర్చుంది.

ఏం చెప్పాలా అని ఆలోచించాను. మామిడిపండు అందామంటే పండ్లు ఇంకా రాలేదు, దేవుడికి దొంగమొక్కు అవుతుంది. పూలు అంటే, మొగుడు బతికుండగా పూలు విడవకూడదంటుంది. ఇక ఉన్నమాటే చెప్పాను.

"గోల్డ్‌స్పాట్."

పక్క గదిలో పేపరు చదువుతున్న ఆయన లేచి గుమ్మంలోకి వచ్చారు. "గది యాడ తాగుతవ్ నువ్వు?"

"బస్టాండ్ల. ఊరికి పోయచ్చిన రోజు."

"బస్టాండ్లనా? అందరి ముంగట నిలవడి, సీస ఎత్తుకొని?"

"స్ట్రా ఇస్తడు."

"మా ఇంటి ఆడోళ్ళు బయట మంచినీళ్ళు సుత తాగలే ఎన్నడు," అన్నారు ఆయన.

మీ ఇంటి ఆడోళ్ళు బస్సు కూడా ఎక్కలేదు కదా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. జగిత్యాలకు వచ్చిన మొదటి నెలలోనే ఆయన నాతో, "ఆడోళ్ళను అన్నలు ఏమనరు. నువ్వు పోయచ్చి ఎవుసం సూస్తుండు," అన్నారు. అప్పుడు నా మీద ఎంత నమ్మకమో అనుకొని పొంగిపోయాను. అన్నలు ఆడవాళ్ళను ఏమీ అనరన్నది నిజమో కాదో ఎవరికీ తెలియదనీ, నన్ను పంపించే తెలుసుకున్నారనీ అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అప్పటి నుంచి వారానికొకసారి పొద్దున్నే వంట చేసి, పిల్లలను బడికి తయారుచేసి, తొలి బస్సుకు బుగ్గారం పోయి, అక్కడి నుంచి ఎండలో నడిచి ఊళ్ళోకి పోతాను. ఏ మడికి ఏ వడ్లు చల్లాలో, కాలిన మోటారు ఎవరి చేత బాగు చేయించాలో, కోతకు ఎవరిని పిలవాలో అన్నీ నావే. ఆ వేళకు ఆయన జగిత్యాలలోనే ఉండే కిషన్ రావు గారింట్లో పేకాడుతుంటారు. వాళ్ళ కోరుట్ల అల్లుడు, సిరిసిల్ల వియ్యంకుడు, అందరూ ఊళ్ళు విడిచి వచ్చినవాళ్ళే. సాయంత్రం నేను గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే, "కూర సల్లగున్నది, జర వేడి జెయ్యి," అంటారు. ఎవుసం మాత్రం ఆయనదే. నేను 'పోయచ్చేదాన్ని' అంతే.

ఆ దారిలో నాదంటూ ఉన్నది బస్టాండులో సమ్మయ్య దుకాణం దగ్గర ఆగే పది నిమిషాలు. అతను ఐసు నీళ్ళ తొట్టిలో చెయ్యి ముంచి, నారింజ రంగు సీసా తీసి, తువ్వాలతో తుడిచి ఇచ్చేవాడు. మొదటి గుక్కకు గ్యాసు ముక్కులోకి ఎక్కి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఎవరూ పిలవరు, ఎవరూ ఏమీ అడగరు. ఎవరి అమ్మనూ కోడలినీ కాకుండా దాహం వేసిన మనిషిగా నిలబడేదాన్ని. సీసా అడుగు కనిపించాక కూడా స్ట్రాతో బర్రుమని పీల్చేదాన్ని, ఇంకాసేపు ఉండొచ్చని.

అదే మొక్కులో పోయింది.

మొదటి వారం బస్సు దిగగానే సమ్మయ్య అలవాటుగా తొట్టిలో చెయ్యి పెట్టాడు. వద్దన్నాను. "పాణం మంచిగ లేదామ్మా?" అన్నాడు. మొక్కని చెబితే తలూపి, "సారు పాణం మంచిగుండాలె గద," అన్నాడు. ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏదీ, నాలిక సాపు."

"ఎందుకత్తమ్మా?"

"గది తాగితె నాలిక పసుపుపచ్చగైతదట గద. తెల్వక తాగినా మొక్కు చెడ్తది బిడ్డా."

ముప్పయ్యేళ్ళ మనిషిని, ఎండలో ఊరిదాకా పోయి వచ్చినదాన్ని, గుమ్మంలో నిలబడి నాలుక చాపాను. ఆయన చూసి నవ్వారు. చిన్నది కూడా నవ్వి నాలుక చాపింది. ఆ నవ్వుకు కోపం రాలేదు కానీ, మరుసటి రోజు పప్పు మాడింది. కావాలని మాడ్చలేదు.

అత్తమ్మ బలవంతం మీద ఆయన కూడా సిగరెట్లు మానేస్తానన్నారు. నాలుగో రోజు పెరట్లో పొగ వాసన వచ్చింది. అడిగితే, "మొక్కు నీ పేరు మీదున్నది గద. ఒక్కలు పాటిస్తె సాలు," అన్నారు. అత్తమ్మ ఆయన నోరు వాసన చూడలేదు.

మూడో వారం వరికోత. పొద్దంతా కళ్ళంలో నిలబడ్డాను. ఎండకు కళ్ళు తిరిగి కొట్టం నీడలో కూలబడితే, కోతకు వచ్చిన బుచ్చవ్వ చెంబు పట్టుకొచ్చింది. ఆమె, మొగుడు రాజమల్లు ఎప్పటి నుంచో మా పొలంలో కూలి చేస్తున్నారు.

"మా కుండ నీళ్ళు తాగుతవా దొరసాని? పెదువులెండిపోయినయ్."

తాగాను. చెంబు తిరిగి ఇస్తూ ఎందుకో మొక్కు సంగతి చెప్పాను. నాలుక చాపిన సంగతి కూడా చెప్పాను. ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉండింది. బుచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వు ఆగాక నెమ్మదిగా అంది.

"నీది నెలకు ఒడుస్తది దొరసాని. మా రాజమల్లు ఎనిమిదెకరాలు ఇడిసి ఇరవై ఏండ్లాయె. గది ఏ దేవుని మొక్కో మాకెవలు జెప్పలే."

"కాలువ అవతలిదా? గది మీదా?"

"నీకు తెల్వదా?" ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మా ఎడ్లు మీ జొన్నచేన్ల పడ్డయని మీ మామ బందెల దొడ్డిల పెట్టిచ్చిండు. మూడు దినాలు నీళ్ళు వెట్టనియ్యలే. నాలుగో నాడు, గీ కాయితం మీద ఏలు పెడ్తె ఎడ్లను ఇడుస్త అన్నడు. ఎడ్లు సస్తయని పెట్టిండు. పెట్టినంక ఎర్కయింది, గది భూమి కాయితమని."

మా ఇంట్లో ఆ భూమిని 'కొన్న భూమి' అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. పెళ్ళయ్యాక ఏడేళ్ళు ఆ పొలం బియ్యం వండాను, తిన్నాను. గుక్కెడు తీపినీళ్ళ గురించి ఎవరి ముందు ఏడ్చుకున్నానో తెలిసి సిగ్గేసింది.

"అన్నలు గండ్ల ఎర్రజెండా పాతి రెండేండ్లాయె గద. బీడే పడున్నది. మీరెందుకు దున్నలే?"

"దున్నితె పోలీసులు తీస్కపోతరు. దళపోల్లని కొడ్తరు. దొర నోటితోని దున్నుమంటెనే దున్నుతం. దొర ఊళ్ళెకు రాడాయె."

ఆయనను అడిగి చెబుతానని అనబోయాను. ఆయన ఏమంటారో నాకు తెలుసు. రెండేళ్ళుగా ఆ ఊళ్ళో ప్రతి మడి గురించీ నేనే నిర్ణయించాను, ఒక్కసారి కూడా ఆయన వచ్చి చూడలేదు. ఈ ఒక్కదానికే అడగాలా?

"దున్నుమను," అన్నాను.

"ఎవలంటున్నరు?"

"నేనంటున్న."

బుచ్చవ్వ మొహంలో సంతోషమేమీ కనిపించలేదు. "మీ ఇంట్ల మాట మారుడు సూసిన దొరసాని. గీ మాట నలుగుర్ల అను."

లేచి కళ్ళంలోకి నడిచాను. కోతవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. రాజమల్లు మోపు కడుతున్నాడు. "రాజమల్లూ, కాలువ అవతల దున్నుకో. ఎవలన్న అడిగితె గిరిజ దొరసాని దున్నుమన్నదని జెప్పు," అన్నాను. అతను మోపు వదిలి నిలబడ్డాడు. బస్సెక్కాక భయం పట్టుకుంది. బస్టాండులో దిగాక గోల్డ్‌స్పాట్ ఎంత తాగాలనిపించిందో ఎప్పుడూ అంత అనిపించలేదు. ఇంకా వారం మిగిలి ఉంది. ఆ రోజు మాట తప్పాలనిపించక, ఇంటికి నడిచాను.

నెల నిండిన రోజు అత్తమ్మా నేనూ కొండగట్టుకు పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాం. వచ్చేసరికి ఇంట్లో గోల్డ్‌స్పాట్ డబ్బా ఒకటి, ఇరవై నాలుగు సీసాలు, దింపించి ఉంది. ఆయన చాలా రోజుల తర్వాత హుషారుగా ఉన్నారు.

"ఇగ ఇంట్లనే తాగు. బస్టాండ్ల నిలవడే కర్మ నీకేంది?"

అత్తమ్మ ఒక గుక్క రుచి చూసి, "గింతేనా! దీనికోసమా?" అంది. తర్వాత చేతులు జోడించింది. "చీటీ మళ్ళ రాలే. సూసినవా, అంజన్న మహిమ."

"మొక్కుతోని కాదత్తమ్మా," అన్నాను. "కాలువ అవతల రాజమల్లు దున్నుతుండు. నేనే దున్నుమన్న."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఎవని భూమి ఎవనికిచ్చినవే నువ్వు?"

"రాజమల్లుది రాజమల్లుకు."

చొక్కా తొడుక్కున్నారు. స్టేషన్‌కు పోతానన్నారు. అన్నలు బలవంతంగా గుంజుకున్నారనీ, రాజమల్లు దళపోడనీ రాసిస్తానన్నారు. అలా రాసిస్తే రాజమల్లు గతి ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు.

"పోండ్రి," అన్నాను. "నేను సుత వస్త. గుంజుకోలే, నేనే ఇచ్చిన అని ఎస్సై ముంగట చెప్త. పదిమంది ఇన్నరు."

ఆయన అత్తమ్మ వైపు చూశారు. ఆమె తిడుతుందని నేనూ ఎదురుచూశాను. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని ఉంది.

"మూడు దినాలు అరిసినయ్ గా ఎడ్లు," అంది ఎవరి వైపూ చూడకుండా. "గడీల నాకు ఇనవడ్డది. నీళ్ళు పోస్తనంటె మీ నాయిన కొట్టిండు."

ఆయన స్టేషన్‌కు పోలేదు. నాతో పది రోజులు మాట్లాడలేదు. ఊరికి పోయి రావడం మాత్రం మాన్పించలేదు, పోయేవాళ్ళు ఇంకెవరూ లేరు కనుక.

ఆ ఎండాకాలం చివర కోరుట్లలో చుట్టాల పెళ్ళికి పోయాం. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న సుమిత్రక్క, ఆయన పేకాడే కిషన్ రావు గారి భార్య, నా చెయ్యి పట్టుకొని జాలిగా అంది.

"అన్నలు మీ భూమి గుంజుకున్నరట గద గిరిజా. పురుషోత్తం చెప్పంగ మా ఆయన శాన బాధ పడ్డడు."

ఎదురు బంతిలో ఆయన కూర్చొని ఉన్నారు. నా మాట వినిపించేంత దూరంలోనే.

"గుంజుకోలే అక్కా," అన్నాను. "నేనే ఇచ్చిన."